ఆదెయ్య గారి చేలో బల్బు

చచ్చిన బ్యాటరీతో మూడేళ్ళు కారు నడిపినవాణ్ణి నేను. ఈ మాట ఒకప్పుడు నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

మాది పర్చూరు వైపు ఒక చిన్న పాలెం. పేరు జక్రయ్య. తొంభై ఐదులో ఒక పాత అంబాసిడర్ కొని బాడుగకి తిప్పేవాణ్ణి. పెళ్ళిళ్ళకీ, ఆసుపత్రులకీ, గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళే రైతులకీ ఊళ్ళో ఉన్న కారు అదొక్కటే. దానితో పాటు వచ్చిన బ్యాటరీ అప్పటికే ముసలిది. కొత్తది కొనాలంటే ఒక నెల బాడుగలన్నీ అందులో పొయ్యాలి. అందుకని కొనకుండా నెట్టుకొచ్చే ఉపాయాలు ఒక్కొక్కటే నేర్చుకున్నాను.

వారానికొకసారి టెర్మినళ్ళ మీద మరిగే నీళ్ళు పోసి, పాత బ్రష్షుతో తెల్ల పిండి రాలగొట్టి, గ్రీజు రాసేవాణ్ణి. డిస్టిల్డ్ వాటర్ కొనే బదులు వాన పడేటప్పుడు స్టీలు గిన్నె వాకిట్లో పెట్టి, ఆ నీళ్ళు సీసాల్లో దాచేవాణ్ణి. ఎవరో చెప్పారని ఒకసారి బ్యాటరీలో గడికొక తలనొప్పి బిళ్ళ కూడా వేసి చూశాను. చిలకలూరిపేటలో బ్యాటరీలు చార్జింగు పెట్టే బుడాన్ నా బ్యాటరీ చూసినప్పుడల్లా, "దీన్ని ఇంక మట్టి చేసెయ్ జక్రయ్యా" అనేవాడు. నేను నవ్వి, ఇంకొక్కసారికి చార్జి పెట్టమనేవాణ్ణి.

కారుని ఎప్పుడూ ఏటవాలు చూసి ఆపేవాణ్ణి. మా చర్చి ముందు ఒక దిబ్బ ఉంది. దాని మీద పెడితే పొద్దున్నే బ్రేకు వదిలి, దొర్లుతుండగా రెండో గేరులో క్లచ్చి వదిలితే చాలు, స్టార్టయ్యేది. పల్లంలో ఆపాల్సివస్తే ఇంజను ఆపేవాణ్ణి కాదు. అన్నిటికంటే నాకు ముద్దొచ్చే ఉపాయం లైట్లది. వెన్నెలుంటే లైట్లు వేసేవాణ్ణి కాదు. ముందు లారీ పోతుంటే దాని వెలుగులో పోయేవాణ్ణి. తిన్నటి రోడ్డయితే ఉత్త చీకట్లో కూడా ఆపేసేవాణ్ణి. రోడ్డు నాకు తెలుసు, నేను రోడ్డుకి తెలుసు అనుకునేవాణ్ణి. అంత పొగరు.

మా ఆవిడ రెబ్కాకి ఇదంతా చిరాకు. "పెళ్ళికొడుకు చేత కారు తోయించే డ్రైవరువి ఈ జిల్లాలో నువ్వొక్కడివే" అని వెక్కిరించేది. హ్యాండిల్ వేసి తిప్పుకుందామన్నా కుదరదు, ఎద్దుబండి గుద్ది బంపరు దగ్గర హ్యాండిల్ దూర్చే రంధ్రం ఎప్పుడో పూడుకుపోయింది. "క్రిస్మస్‌కి నాకు చీర వద్దు, దానికి బ్యాటరీ కొను" అని ఆ ఏడు అడిగింది. చూద్దాంలే అన్నాను.

అది తొంభై ఎనిమిది నవంబరు. పత్తికి పచ్చపురుగు పట్టింది. ఏ మందు కొట్టినా చావడం లేదు. వారానికి రెండుసార్లు, మూడుసార్లు కొట్టేవాళ్ళు. ఒకదాంట్లో ఒకటి కలిపి మరీ కొట్టేవాళ్ళు. ఊరంతా ఆ వాసనే. అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నా అదే. రెబ్కా రోజూ కూలికి పోయేది. మగవాళ్ళు మందు కొడుతుంటే ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు మోసి డ్రమ్ముల్లో మందు కలపాలి. కర్రతో కలిపేవాళ్ళు కొందరు, చేత్తో కలిపేవాళ్ళు కొందరు. చేతికి తొడుగులన్న మాట అప్పట్లో మా వైపు ఎవరూ ఎరగరు.

ఆ రోజు ఆవిడ ఆదెయ్య గారి చేలో ఉంది.

ఆదెయ్య గారి గురించి చెప్పాలి. నాలుగెకరాల రైతు, మాట తక్కువ మనిషి. రెండేళ్ళ కిందట ఆయన భార్య కోటిరత్నం గారు పొద్దుగూకే వేళ చేలోకి వెళ్ళి, పాము కరిచి పడిపోయింది. పత్తి రొమ్ము దాకా పెరిగి ఉంది. ఆవిడ పిలుస్తూనే ఉందట. ఈయన వెతుకుతూనే ఉన్నాడట. చేతిలో టార్చిలైటుంది, అందులో సెల్లులు అయిపోయాయి. కొంటాలే కొంటాలే అనుకుంటూ నెల నుంచి కొనలేదు. ఇటు, ఇటు అని ఆవిడ గొంతు వినిపిస్తుంటే ఆ చీకట్లో అటూ ఇటూ పరిగెత్తాడు. కాసేపటికి గొంతు ఆగిపోయింది. తెల్లవారాక చూస్తే బండ్ల డొంకకి ఇరవై అడుగుల దూరంలో ఉంది.

ఆ చేలోనే ఆవిడకి సమాధి కట్టించాడు. ట్రాక్టరు అమ్మేశాడు గానీ దాని బ్యాటరీ ఉంచుకున్నాడు. సమాధి పక్కన ఒక గుంజ పాతి, బల్బు కట్టి, ఆ బ్యాటరీకి తగిలించాడు. పొద్దుగూకకముందే వెలిగించి, తెల్లారాక ఆపేవాడు. రెండేళ్ళలో ఒక్క రోజు తప్పలేదు. ఆ బ్యాటరీని పదిరోజులకోసారి బుడాన్ దగ్గరికి నా కారులోనే పంపేవాడు, పొద్దున ఇచ్చి సాయంత్రం నాలుగింటికల్లా వెనక్కి తెప్పించుకునేవాడు. మొన్ననే చార్జి చేయించి తెచ్చాను. మంచి బలమైన బ్యాటరీ. మోసుకొస్తుంటే నాకు ఆశ పుట్టిన మాట నిజం.

సాయంత్రం నాలుగున్నరకి ఆదెయ్య గారు సైకిలు మీద మా ఇంటికొచ్చాడు. దిగకుండానే అన్నాడు.

"జక్రయ్యా, కారు తియ్యి. రెబ్కా పడిపోయింది."

ఆరేళ్ళ మా అమ్మాయి స్తుతిని పక్కింటివాళ్ళకి అప్పజెప్పి, దిబ్బ మీంచి కారు దొర్లించాను. స్టార్టయింది. దేవుడికి దండం పెట్టుకున్నాను. ఊళ్ళో వైద్యం చేసే జాన్ బాషా గారిని ఎక్కించుకున్నాను. ఆయనకి పెద్ద చదువు లేదు గానీ మందు వాసనకి పడిపోయినవాళ్ళని ఆ సీజనులో ఎంతమందిని చూశాడో. సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ముందు రాత్రి వాన పడింది. డొంకంతా నల్లరేగడి బురద. చేను ఇంకా కొంచెం దూరం ఉందనగా ముందు చక్రం గాడిలో దిగింది. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఇంజను కూడా ఆగిపోయింది.

సైకిలు మీద ముందే చేరిన ఆదెయ్య గారూ, ఇద్దరు కూలీలూ అక్కడికి రెబ్కాని ఎత్తుకొచ్చారు. నోట్లోంచి నురగ, ఒళ్ళంతా చెమట. కంటిపాపలు ఆవగింజంత అయిపోయాయి. పిలిస్తే పలకడం లేదు. జాన్ బాషా గారు అక్కడే బురదలో మోకాళ్ళ మీద కూర్చుని ఇంజక్షను చేశాడు. నాడి పట్టుకున్నాడు. నా వైపు చూశాడు.

"గుంటూరు పెద్దాసుపత్రికి పోవాలి. రెండు గంటల్లో చేర్చాలి. నా దగ్గర ఇంకొక్క డోసే ఉంది."

సెల్ఫ్ కొట్టాను. టక్... అంది. మళ్ళీ కొట్టాను. టక్. మూడోసారి ఆ చప్పుడు కూడా లేదు. అందరం కలిసి కారుని గాడిలోంచి లేపి పక్కన గట్టి నేల మీదికి తోశాం. తోసి స్టార్టు చేద్దామంటే కాళ్ళు జారిపోతున్నాయి, బండి ఊపందుకోవడం లేదు. ఆఖరి బస్సు పోయింది. చిలకలూరిపేటకి ఫోను చేసి టాక్సీ పిలిపిస్తే రావడానికే గంట పైన పడుతుంది. నా బుర్ర పని చెయ్యలేదు. స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాను. ఒక్క బ్యాటరీ. మూడేళ్ళుగా కొననిది ఒక్క బ్యాటరీ.

ఆదెయ్య గారు సమాధి వైపు చూస్తూ నిలబడ్డాడు. పడమట ఎర్రగా ఉంది. అప్పటికే బల్బు వెలిగించి ఉంది. ఎంతసేపు అలా నిలబడ్డాడో. తర్వాత నడుచుకుంటూ వెళ్ళి వైర్లు ఊడదీశాడు. బల్బు ఆరిపోయింది. బ్యాటరీని కడుపుకి ఆనించుకుని మోసుకొచ్చాడు.

నా బ్యాటరీ తీసి అవతల పారేశాం. ఆయనది పెద్దది, దాని చోటులో పట్టలేదు. తాళ్ళతో బిగించి కట్టాం. బానెట్టు పూర్తిగా పడలేదు, దాన్నీ తాడుతో కట్టాం. సెల్ఫ్ కొడితే ఒక్కసారికే ఇంజను అందుకుంది. మూడేళ్ళలో నా కారు అలా స్టార్టవడం నేను చూడలేదు.

రెబ్కాని వెనక సీట్లో పడుకోబెట్టి, తల ఒళ్ళో పెట్టుకుని జాన్ బాషా గారు కూర్చున్నాడు. కూలీలు ఊరి దారి పట్టారు. ఆదెయ్య గారు నా కిటికీ దగ్గరికొచ్చి వంగాడు. గుసగుసగా అన్నాడు.

"ఇప్పుడే లైట్లు వెయ్యి."

"ఇంకా వెలుతురుంది కదండీ."

"వెయ్యి. బ్యాటరీ తిరిగి తెచ్చిందాకా చీకట్లో లైట్లు ఆపొద్దు. నేనిక్కడ లాంతరు పెట్టుకుని కూర్చుంటాను. కానీ లాంతరుకి ఆమె ఆగదు. ఆ వెలుగెక్కడుంటే ఆమె అక్కడుంటది. ఆపితే... వెతుక్కుంటది."

పిచ్చి ముదిరింది పాపం అనుకున్నాను. అలాగేనండీ అన్నాను. లైట్లు వేశాను.

డొంక దాటి రోడ్డెక్కేసరికి పొద్దుగూకింది. పేట దాకా ఇరవై కిలోమీటర్లు, అక్కణ్ణించి గుంటూరు నలభై. అమావాస్య దగ్గరపడింది, చంద్రుడు లేడు. రెండు వైపులా పత్తి చేలు. విచ్చిన కాయలు లైట్ల వెలుగులో తెల్లగా పక్కకి జరిగిపోతున్నాయి. గాలి లేదు. మందు వాసన కారులోకి వచ్చి కూర్చుంది.

వెనక నుంచి రెబ్కా ఊపిరి వినిపిస్తోంది. గరగరమని లోపలికి, గరగరమని బయటికి. ఆ చప్పుడు ఒక్కటే నాకు కావలసింది. అది ఆగితే స్తుతికి ఏం చెప్పాలి? మీ నాన్న బ్యాటరీ కొనలేదమ్మా అని చెప్పాలా?

చప్టా వచ్చింది. వాగు నీళ్ళు చక్రాల కింద చప్పుడు చేశాయి. దాటాం. అప్పుడు చూశాను ముల్లు. డ్యాష్‌బోర్డులో బ్యాటరీ ముల్లు మైనస్ వైపు పడిపోయి ఉంది. డైనమో చార్జి చెయ్యడం లేదు. ముసలి బ్యాటరీతో ఏగి ఏగి అది కూడా పోయిందన్నమాట. అంటే లైట్లు వెలిగినంతసేపూ ఈ బ్యాటరీ దిగిపోతూనే ఉంటుంది. దిగిపోతే ఇంజను ఆగిపోతుంది. గుంటూరు దాకా వస్తుందా? హైవే మీద లారీల మధ్య లైట్లు లేకుండా పోలేను. ఇక్కడ పోగలను. ఇక్కణ్ణించి ఐదు కిలోమీటర్లు తిన్నటి రోడ్డు. ఇక్కడ మిగిలిస్తే అక్కడ పనికొస్తుంది.

మీరైనా అదే చేస్తారు. నేను ఆదెయ్య గారి మాట మరిచిపోయి ఆపలేదు. గుర్తుండే ఆపాను.

లైట్లు ఆపాను.

చీకటి ఒక్కసారిగా మీద పడింది. కాసేపటికి కళ్ళు అలవాటు పడ్డాయి. రోడ్డు బూడిద రంగులో లీలగా కనిపించింది. పత్తి చేలు రెండు వైపులా మసక తెలుపు. నేను వేగం తగ్గించి, కిటికీలోంచి తల బయట పెట్టి నడుపుతున్నాను.

"ఎందుకాపావ్?" అన్నాడు జాన్ బాషా గారు.

"చార్జి అవడం లేదండీ. రెండు నిమిషాలు."

ఆయన మళ్ళీ రెబ్కా నాడి పట్టుకున్నాడు.

అప్పుడు వినిపించింది.

"ఇటు..."

చాలా మెల్లగా. ఆడగొంతు. రెబ్కాకి తెలివొచ్చిందనుకున్నాను.

"డాక్టరు గారూ, ఏమంటోంది?"

"ఎవరు?"

"రెబ్కా... మాట్లాడింది కదా."

"ఏం మాట్లాడలేదు." ఆయన రెబ్కా మొహం మీదికి వంగి చూశాడు. "నువ్వనుకున్నాను."

ఇంజను చప్పుడు. రెబ్కా ఊపిరి.

"ఇటు... ఇటు..."

ఈసారి ముందు నుంచి వచ్చింది. అరుపు కాదు. అరిచి అరిచి అలిసిపోయినవాళ్ళు పిలిచినట్టుంది. నేను స్టీరింగు తిప్పానా అంటే... తిప్పలేదని చెప్పలేను. తిప్పానని కూడా చెప్పలేను. చక్రాల కింద చప్పుడు మారింది. కంకర చప్పుడు లేదు. మెత్తగా ఉంది. తలుపులకి ఏదో రాసుకుంటోంది. కొమ్మలు. ఒక కొమ్మ నా చెవికి తగిలింది. తల లోపలికి లాక్కున్నాను.

కిరసనాయిలు పొగ వాసన వేసింది.

"లైటు వెయ్యి," అన్నాడు జాన్ బాషా గారు. "వెయ్యరా... వెయ్యి."

వేళ్ళకి స్విచ్చి దొరకలేదు. రోజుకి వందసార్లు నొక్కే స్విచ్చి దొరకలేదు. వెనక రెబ్కా ఊపిరి లోపలికి వెళ్ళింది... బయటికి రాలేదు. నేను ఎదురుచూశాను. రాలేదు. డ్యాష్‌బోర్డంతా రెండు చేతులతో గీరాను. దొరికింది. నొక్కాను.

ఎదురుగా సమాధి.

పదడుగుల దూరంలో ఉంది. సున్నం కొట్టిన గోడ, గుంజ, దానికి ఆరిపోయిన బల్బు, వేలాడుతున్న రెండు వైర్లు. సమాధి గట్టు మీద లాంతరు వెలుగుతోంది. దాని పక్కన ఆదెయ్య గారి చెప్పులు జతగా పెట్టి ఉన్నాయి. ఆయన లేడు.

మేం చప్టా దాటాం. నీళ్ళ చప్పుడు ఇద్దరం విన్నాం. వాగుకి ఇటు పక్కకి రావాలంటే మళ్ళీ చప్టా దాటాలి. ఇంకో దారి లేదు. మేం దాటలేదు.

వెనక రెబ్కా ఊపిరి బయటికొచ్చింది. జాన్ బాషా గారు ఆమె దవడ పట్టుకుని పైకెత్తి ఉన్నాడు.

అప్పుడు ఎడమ వైపు పత్తిలోంచి పిలుపు వచ్చింది. ఈసారి మగగొంతు.

"జక్రయ్యా..."

ఆదెయ్య గారి గొంతే. దగ్గర్లోనే. ముప్పై అడుగులుంటుందేమో.

"ఇటు... జక్రయ్యా... ఇటు..."

తలుపు మీద చెయ్యి వేశాను. జాన్ బాషా గారు వెనక నుంచి నా భుజం పట్టుకున్నాడు. గోళ్ళు దిగేట్టు పట్టుకున్నాడు.

"దిగొద్దు."

"ఆయన గొంతేనండీ."

"మనిషైతే బయటికొస్తాడు. ఇంత లైటుంది. రాడేం?"

నేను చూశాను. పత్తి కదలడం లేదు. ఒక్క ఆకు కూడా కదలడం లేదు.

"ఇందాక పిలిచిందీ ఆయన గొంతేనా? ఇదేదో గొంతులు మార్చి పిలుస్తోంది. పోనియ్," అన్నాడాయన. "ఈమె పోతుందిరా. ఇంకాసేపు ఇక్కడుంటే ఈమె పోతుంది."

రివర్సు గేరు వేశాను. చక్రం బురదలో గిర్రున తిరిగింది, పట్టుకుంది. కారు వెనక్కి కదిలింది. పత్తిలోంచి గొంతు ఇంకొక్కసారి వచ్చింది. ఈసారి చాలా నీరసంగా.

"లైటు... ఇటు తిప్పు..."

నేను తిప్పలేదు.

తర్వాత దారంతా లైట్లు ఆపలేదు. చప్టా మళ్ళీ వచ్చింది, మళ్ళీ దాటాం. పేట వచ్చింది. హైవే వచ్చింది. ముల్లు మైనస్‌లోనే ఉంది గానీ లైట్లు కొంచెం కూడా తగ్గలేదు. దారిలో జాన్ బాషా గారు రెండో డోసు ఇచ్చాడు. ఎనిమిదింపావుకి పెద్దాసుపత్రి గేటు దగ్గర ఆగాం. రెబ్కాని బండి మీద లోపలికి తోసుకుపోయారు. గొంతులోకి గొట్టం వేశారు. ఆమె బట్టలు మార్చి, పాతవి కవరులో పెట్టి మూతి ముడివేసి నా చేతికిచ్చారు. నేను ఆ కవరు మంచం కింద పెట్టి, గోడకి చేరగిలబడి కూర్చున్నాను. ఇంకో పావుగంట ఆలస్యమైతే దక్కేది కాదని తెల్లవారుజామున డాక్టరు చెప్పాడు. నాకు ఆ మాట చాలు అనుకున్నాను. ఆ పావుగంట ఎక్కడ మిగిల్చామో మా ఇద్దరికే తెలుసు.

జాన్ బాషా గారు మొదటి బస్సుకి ఊరెళ్ళాడు. మధ్యాహ్నానికి కబురొచ్చింది. ఆదెయ్య గారు చేలో చనిపోయాడు. పాము కరిచింది.

కారులో వెళ్ళలేకపోయాను. రెబ్కా దగ్గర ఒక ఆయమ్మని ఉంచి బస్సులో వెళ్ళాను. అప్పటికే ఆయన్ని ఇంటి అరుగు మీద పడుకోబెట్టారు. సమాధికి ముప్పై అడుగుల దూరంలో, ఎడమ వైపు పత్తిలో దొరికాడట. నేలంతా గోళ్ళతో గీరి ఉందట. పొద్దున శవాన్ని చూడమని జాన్ బాషా గారినే పిలిచారు. ఆయన నన్ను దొడ్లోకి తీసుకెళ్ళాడు. నా మొహం చూడకుండా మాట్లాడాడు.

"మనిషైతే బయటికొస్తాడన్నాను."

దొడ్డి గోడ మీద చెయ్యి ఆనించి మళ్ళీ అన్నాడు.

"కాలు కదిలితే కదా వచ్చేది. పిలిచింది ఆయనే జక్రయ్యా. పాముకాటు ఇంజక్షను పేటలో ఉంది. కారు మన చేతిలో ఉంది."

"మొదట పిలిచింది ఎవరండీ?"

ఇద్దరం ఒకటే అనుకుంటున్నాం. కోటిరత్నం గారు మమ్మల్ని తిప్పి తీసుకొచ్చింది ఎందుకో ఇద్దరికీ తెలుస్తోంది. భయపెట్టడానికి కాదు. మమ్మల్ని మొగుడి దగ్గరికి తెచ్చి నిలబెట్టింది. మేం లైటు కూడా తిప్పకుండా వచ్చేశాం.

జాన్ బాషా గారు జేబులోంచి ఒక గుడ్డపేలిక తీశాడు. "కాటుకి పైన, మోకాలి కింద కట్టి ఉంది. విషం పైకెక్కకుండా కట్టే కట్టు. గట్టిగా, పద్ధతిగా కట్టారు. ముడి కాలి వెనకుంది. తనకి తాను అలా కట్టుకోలేడు. కూలీలు మనం కదలకముందే ఊరికెళ్ళిపోయారు."

అది ఆడవాళ్ళ చీర ముక్క. ఆకుపచ్చది, పసుపు అంచు. నేను దాన్ని చేతిలోకి తీసుకోలేదు. చీకటి పడక ముందే గుంటూరు చేరాలని చెప్పి బస్టాండుకి నడిచాను. దహనమో ఖననమో కూడా చూడలేదు. ఆయన బిడ్డలు లేని మనిషి. ఎవరూ నన్నేమీ అడగలేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

ఆసుపత్రికి వచ్చేసరికి రెబ్కా గొంతులో గొట్టం తీసేశారు. నిద్రపోతోంది. మంచం కింద కవరు నేను పెట్టినట్టే ఉంది. ఆసుపత్రివాళ్ళు వేసిన ముడి వేసినట్టే ఉంది. ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. చీర బయటికి తీశాను. మందు వాసన గుప్పుమంది. ఆకుపచ్చ చీర, పసుపు అంచు. విప్పుకుంటూ చివరి దాకా వెళ్ళాను. కొంగు లేదు. ఉండాల్సిన చోట అడ్డంగా చిరిగి ఉంది. చిరుగు మొదలైన చోట గుడ్డ మీద పళ్ళ గాట్లున్నాయి.

తలెత్తి చూస్తే రెబ్కా నన్నే చూస్తోంది.

"నేను చింపలేదయ్యా," అంది. గొంతు బొంగురుగా ఉంది. "నాకు చెయ్యి లేస్తే కదా. ఆమే కొరికి చింపుకుంది."

"ఎవరు?"

"నీ పక్క సీట్లో కూర్చున్నావిడ. లైట్లు ఆపావు చూడు, అప్పుడు వెనక్కి తిరిగింది. గుడ్డ ముక్క ఉంటే ఇయ్యి తల్లీ అంది. తీసుకోమన్నాను."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. బతికి ఉంది. ఆ ఒక్కటే చూసుకోవాలనుకున్నాను, ఇంకేమీ వినొద్దనుకున్నాను.

"తర్వాత దారంతా ఏడుస్తానే ఉంది పాపం," అంది రెబ్కా. "నిన్ను చూస్తా ఏడ్చింది. గుంటూరు దాకా మనతోనే వచ్చింది. ఆమె దిగిందా?"

వార్డు కిటికీలోంచి కింద ఆసుపత్రి గోడ కనిపిస్తోంది. దాని పక్కనే నా కారుంది. ముందు రాత్రి లైట్లు ఆపి, తలుపులకి తాళాలు వేసి వచ్చాను. ముందు నా పక్క సీటు వైపు అద్దం లోపలి నుంచి చెమ్మ పట్టి ఉంది.